మూడో గడి

జూన్ 3

అత్తయ్యా,

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నా మాట ఒక్కటీ నీ చెవిన పడదు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇక కాచుకో.

తనిఖీ హాలుకి ఇన్‌ఛార్జిని అయ్యాను. నువ్వు ఇరవై ఏళ్ళు ఏలిన హాలే. కిటికీలు లేవు, తెల్ల గోడలు, పన్నెండు బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక దీపం, దాని వెనక సగం నలుపు సగం తెలుపు అట్ట. పన్నెండుమంది ఆడవాళ్ళు ఇంజెక్షను సీసాలు ఒక్కొక్కటే ఎత్తి, మెడ పట్టుకుని మెల్లగా తిప్పి, మందులో ఏమైనా తేలుతోందా అని కళ్ళలో వత్తులేసుకుని చూస్తారు. నీ కుర్చీ ఇంకా ఉంది. ఒక కాలు పొట్టి. దాని కింద నువ్వు పెట్టిన అట్టముక్క కూడా ఉందంటే నమ్ముతావా?

ఒక గొప్ప చెప్పుకోవాలి. గాజు ముక్క ఉన్న సీసాలు ఒకే మనిషికి ఒక గంటలో మూడు దొరికితే బెల్లు కొట్టి లైను మొత్తం ఆపాలని రూలు కదా. పదకొండు నెలలుగా మా హాల్లో బెల్లు మోగలేదు! మేనేజరు గారు మీటింగులో లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. నా మూడు నెలల ప్రొబేషను కూడా ఇలాగే గడిస్తే ఆగస్టు నెలాఖరుకి ఉద్యోగం ఖాయం చేస్తారట.

హాల్లో అందరికంటే పాత మనిషి డేగకళ్ళ అక్క. నీ దగ్గరే పని నేర్చుకుందట. "ఆవిడ మా మేనత్తే" అని సంబరంగా చెబితే "ఊఁ" అని దీపం వైపు తిరిగింది. మీ ఇద్దరికీ పడేది కాదా?

నాన్నకి బీపీ మాత్ర మర్చిపోవద్దని చెప్పు. ఆయన మర్చిపోతే నువ్వు కేకెయ్యి. నీ గొంతుకి ఏ లోటూ లేదుగా.

నీ పిడుగు


జూన్ 12

ఒసేయ్ పిడుగా,

ఇన్‌ఛార్జివి అయ్యావని చదివాను. ఈ కాగితం మీద మరకలు కనిపిస్తే అవి టీ చుక్కలే, మరీ పొంగిపోకు.

మీ నాన్న నా చెవికి ఏదో మిషను కొనుక్కొచ్చాడు. పెట్టుకుంటే నీళ్ళు కాగుతున్నట్టు ఈల వేస్తోంది. సొరుగులో పడేశాను. హాలుకి రాకముందు పదేళ్ళు సీసాలు కడిగే మిషను పక్కన గడిపిన చెవులివి, ఇప్పుడు ఎవరు బతిమాలినా తిరిగి రావు. వాడు మాత్రం నా మీద అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినిపించదన్న సంగతి మూడో రోజు గుర్తొచ్చింది వాడికి.

సరే, అసలు సంగతి. బెల్లు మోగలేదని సంబరపడకు. బెల్లు మోగని హాలంటే నాకు భయం. గాజు లేకపోతే మోగదు, నిజమే. చూసి కూడా కొట్టకపోయినా మోగదు. పనికిరాని సీసాలు వేసే ఎర్ర డబ్బా ఒక్కో బల్ల కింద ఒకటి ఉంటుంది కదా. వారం రోజులు, గంట గంటకీ, నువ్వే లెక్కపెట్టు. ఎవరికీ చెప్పకు.

డేగకళ్ళ అక్కతో నాకు తగువేం లేదు. ఆ పిల్ల కంటికి దొరకని గాజు ముక్క లేదు. మిగతాది ఇంకోసారి.

నీ అత్తయ్య
(చెవులు పోయినా కళ్ళున్నాయి)


జూన్ 24

అత్తయ్యా,

మొదట నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. మంచి కబురు రాస్తే పుల్లవిరుపుగా మాట్లాడావనిపించింది. నువ్వున్నప్పుడు మోగిన బెల్లు నేను వచ్చాక మోగలేదని కుళ్ళేమో అని కూడా అనుకున్నాను. క్షమించు. నాలుగు రోజులు అలిగి, అయిదో రోజు లెక్క మొదలుపెట్టాను.

రెండు. ఏ డబ్బాలో చూసినా, ఏ గంట చూసినా, గాజు సీసాలు రెండు. ఒక్కోసారి ఒకటి. మూడు మాత్రం ఎక్కడా లేవు. పన్నెండు బల్లలు, వారం రోజులు, ఒక్క మూడు లేదు! గాజు ముక్కలు కూడా రూలు పుస్తకం చదువుకుని వస్తున్నాయా?

నిన్న మందుల బీరువా వెనక నించుని చూశాను. డేగకళ్ళ అక్కకి మూడో సీసా దొరికింది. దీపం ముందు ఒకసారి తిప్పి, ఎటూ చూడకుండా చెయ్యి చాచి పక్కామె డబ్బాలో వేసింది. పక్కామె కూడా తల తిప్పలేదు. కాసేపటికి ఆవిడకి మూడోది దొరికితే అటు పక్కామె డబ్బాలోకి పోయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒకరినొకరు కాపాడుకుంటున్నారు అత్తయ్యా, దొంగతనంలా అనిపించలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. కంటికి కనిపించిన ముక్క డబ్బాలో పడుతుంది. కనిపించనంత సన్నటిది పెట్టెలోకి పోతుంది, అక్కడి నుంచి ఎవరి ఒంట్లోకో పోతుంది. అసలు గాజు ఎక్కడ విరుగుతోందో లైను ఆపి వెతికితే కదా తెలిసేది!

అక్కని పక్కకి పిలిచి అడిగాను. తలుపు వైపు చూస్తూ అంది: "బెల్లు కొడితే గాజు సంగతి ఎవరూ అడగరమ్మా. ఎంతసేపు ఆపావు అని అడుగుతారు. తర్వాత ఆ బోర్డు మీద ఎక్కుతాం."

తలుపు పక్కనున్న నల్ల బోర్డు. మూడు గడులు. పేరు, ఏం కనిపించింది, లైను ఆగిన నిమిషాలు. రెండో గడి ఎవరూ నింపరు. నెలాఖరు మీటింగులో మేనేజరు గారు మొదటిదీ మూడోదీ మాత్రం పైకి చదివేవారట. "ఈవిడ వల్ల ఇరవై నిమిషాలు, ఈవిడ వల్ల నలభై." బెల్లు మోగించిన మనిషి నేరం చేసినట్టు! పైగా ఆ గీతలు ఎంత నిటారుగా, ఎంత ముచ్చటగా గీశారో! ఆ మూడో గడి గీసిన చేతులు పడిపోను. రేపే ఆ బోర్డు ఊడబీకి పాతసామాను గదిలో పడేయిస్తాను.

నీ పిడుగు


జూలై 4

పిడుగా,

బోర్డు తీయకు.

మేనేజరుతో ఇప్పుడే గొడవ పెట్టుకోకు. ముందు నీ ఉద్యోగం ఖాయం కానీ, తర్వాత నెమ్మదిగా చూడొచ్చు. చెయ్యి కాస్త నొప్పిగా ఉంది, అందుకే ఇంతే రాస్తున్నాను. మీ నాన్న బాగానే ఉన్నాడు.

అత్తయ్య


జూలై 15

అత్తయ్య గారికి,

మీ అయిదు వాక్యాల ఉత్తరం అందింది. బోర్డు తీయలేదు, మీ మాట మీద గౌరవంతో. కానీ చేతులు కట్టుకుని కూర్చోలేదు.

ప్రతి ఎర్ర డబ్బాకీ మూత పెట్టించి తాళం వేయించాను. సీసా పట్టేంత సందు, దాని మీద బల్ల నంబరు. ఎవరి డబ్బా వారిదే, పక్కవాళ్ళది ముట్టుకోకూడదని హాలు మధ్యలో నించుని చెప్పాను. అందరూ తలలూపారు. మరుసటి రోజు నుంచి డబ్బాల్లో రెండు కూడా లేవు. గాజు సీసాలు ఏమయ్యాయో తెలుసా? ఏప్రాను జేబుల్లో. చేతులు కడుక్కునే గదిలోని చెత్తబుట్టలో నాలుగు దొరికాయి. టీ గదిలోకి నేను అడుగుపెడితే నోళ్ళు కుట్టేసినట్టు అయిపోతారు. నిన్న నా కప్పు పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఇంకొకటి. ఒక ఆసుపత్రి నుంచి ఒక పెట్టె వెనక్కి వచ్చింది. నర్సు ఎవరో సూదిలోకి మందు ఎక్కించబోతూ మెరుపు చూసి ఆగిందట. నా హాలు దాటి వెళ్ళిన సీసా అది. ఆ నర్సు ఆ పూట కంగారులో ఉండి ఉంటే? ఇది రోజూ పడుకునే ముందు నన్ను నేను అడుగుతున్న ప్రశ్న.

మేనేజరు గారు మాత్రం "ఒక్క పెట్టేగా" అన్నారు. మీరేమో "ముందు ఉద్యోగం" అన్నారు. మీ ఇద్దరికీ పెద్ద తేడా కనిపించలేదు. ముప్పై ఏళ్ళు ఆ గోడల మధ్య పనిచేసి మీరు నేర్చుకున్నది ఇదేనా?

నేను వదిలిపెట్టను. ఉద్యోగం ఉన్నా, పోయినా.

మీ మేనకోడలు


జూలై 16

పిడుగా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మొన్నటి ఉత్తరంలో చెయ్యి నొప్పి అని రాశాను. అబద్ధం. ఆ చేతిని నువ్వు పడిపొమ్మన్నావు, అందుకే ఆడలేదు.

మూడో గడి గీసింది నేనే.

బోర్డు పెట్టించింది కూడా నేనే. అప్పుడు రెండు గడులే. పేరు, ఏం కనిపించింది. బెల్లు కొట్టిన పిల్ల పేరు నేను స్వయంగా రాసేదాన్ని. కొత్త పిల్లలకి ఆ రెండో గడి చూపించి పాఠం చెప్పేదాన్ని. "చూడు, మెడ దగ్గర వెంట్రుకంత గీత, దీన్ని ఎలా పట్టుకుందో." బోర్డు ఎక్కినవాళ్ళకి ఆ సాయంత్రం టీ నా చేత్తో. పేరు ఎక్కాలని పోటీపడేవాళ్ళు. బెల్లు మోగగానే నేను పరిగెత్తుకెళ్ళి అడిగే మాట ఒకటే: ఏం కనిపించింది?

నేను మానేయడానికి ఏడాది ముందు కొత్త మేనేజరు వచ్చాడు. ఇప్పుడున్నాయన కాదు, అంతకు ముందాయన. మంచివాడే, మర్యాదస్తుడు. "అమ్మా, లైను ఎంతసేపు ఆగిందో కూడా పక్కన రాస్తే బావుంటుంది. మీ దస్తూరీ బావుంటుంది కదా" అన్నాడు. బావుంటుందన్న ఒక్క మాటకి కరిగిపోయాను. పెయింటూ స్కేలూ తెచ్చుకుని, గీత వంకర పోకూడదని ఊపిరి బిగబట్టి మరీ గీశాను. మూడు నెలల్లో నాకే తెలియకుండా నా నోట్లో మాట మారింది. బెల్లు మోగితే "ఎంతసేపు?" అంటూ పరిగెత్తడం మొదలుపెట్టాను.

తర్వాతది రాయడానికి రెండు రోజులు పట్టింది. సరుకు కోసం లారీ గేటు దగ్గర నించుని ఉన్న రోజు. డేగకళ్ళ అక్కకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. మూడో సీసా దొరికి బెల్లు వైపు చెయ్యి ఎత్తింది. నేను వెనక నుంచి మణికట్టు పట్టుకున్నాను. "ఈ ఒక్క రోజుకి ఆగవే" అన్నాను. తన చేతిలో సీసా తీసి పక్కామె డబ్బాలో వేశాను. నువ్వు బీరువా వెనక నుంచి చూశావే, ఆ పద్ధతి వాళ్ళు కనిపెట్టింది కాదు. నేను నేర్పాను. హాలంతా చూసింది.

నిన్ను నెమ్మదిగా వెళ్ళమన్నది మేనేజరుకి భయపడి కాదు. నీకు ఈ సంగతి తెలుస్తుందని భయపడ్డాను. బోర్డు తీయొద్దన్నది మాత్రం నిజంగానే అన్నాను. బోర్డు పోతే నేను చేసింది కూడా దాంతో పాటు పోతుంది. అలా పోకూడదు.

నాకోసం ఒక పని చెయ్యి. బోర్డు మీద నా పేరు రాయి. రెండో గడిలో: మూడో సీసా చూసింది, బెల్లు ఆపింది. అందరూ చదివేలా రాయి. సిగ్గుపడకు, సిగ్గు నాది.

అత్తయ్య


జూలై 25

అత్తయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి ఉంటాయి. నేను నిన్ను "మీరు" అంటూ రాసిన ఉత్తరం నువ్వు ఈపాటికి చదివే ఉంటావు. దాన్ని చించేయి. ఆ శాపం కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నీ చేతులు నిక్షేపంలా ఉండాలి, ఇంకా చాలా రాయాలి నువ్వు.

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నీ మీద కోపం వచ్చింది. దాచను. నా చిన్నప్పుడు స్కూలు బ్యాగు తగిలించి "తప్పు కనబడితే నోరు తెరవాలే" అని చెప్పిన మనిషివి. రెండోసారి చదివినప్పుడు నా తాళాలు గుర్తొచ్చాయి. నేనూ వాళ్ళ మణికట్టే పట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాను. పన్నెండు తాళాలూ తీసి మూతలు ఊడబీకాను. తర్వాత బ్లేడు తీసుకుని మూడో గడి గీకడం మొదలుపెట్టాను. ఏం పెయింటు వేశావే తల్లీ! గంటన్నర పట్టింది. బొటనవేలు తెగింది. మచ్చ ఇంకా కనిపిస్తోంది, ఆ బోర్డుకి అది ఎప్పటికీ పోదు.

సగంలో ఉండగా మేనేజరు గారు వచ్చి ఒంటికాలి మీద లేచారు. "ఎవరి అనుమతితో చేస్తున్నారు?" అన్నారు.

"గీసింది మా అత్తయ్య, గీకుతున్నది నేను. ఇది మా ఇంటి సంగతి సార్" అన్నాను.

ఆయన నా చేతిలో బ్లేడు వైపు, బోర్డు వైపు చూశారు. తర్వాత "ఆగస్టు నెలాఖరు దగ్గరికి వస్తోంది, గుర్తుంచుకోండి" అని వెళ్ళిపోయారు. వెనక్కొచ్చిన పెట్టెలోని సీసా నా బల్ల మీద దీపం ముందే పెట్టుకున్నాను. ఆయన గుర్తు చేసిన దానికంటే అదే నాకు బాగా గుర్తుంటోంది.

నీ పేరు రాశాను. నువ్వు చెప్పిన మాటలే రాశాను, ఒక్కటి తగ్గించలేదు. కింద ఇంకో వరుసలో నా పేరు రాసుకున్నాను: డబ్బాలకి తాళాలు వేసింది. అందరూ వచ్చి చదివారు. డేగకళ్ళ అక్క అందరూ వెళ్ళాక కూడా అక్కడే నించుంది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. తర్వాత వెళ్ళి తన దీపం వేసుకుంది.

బెల్లు ఇంకా మోగలేదు. కానీ మధ్యాహ్నం టీ గదిలో నా పక్క కుర్చీలో ఒకరు కూర్చున్నారు.

పిడుగు


ఆగస్టు 2

పిడుగా,

చించలేదు. "మీరు" అన్న ఉత్తరం దాచుకున్నాను, నన్ను అంత గట్టిగా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. అప్పట్లోనే ఒకరు అడిగి ఉంటే బావుండేది. అడిగే ధైర్యం పిల్లల చేతుల్లోంచి లాగేసుకుని, అడగలేదేమని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం.

ఒక్క మాట చెబుతాను, వింటే విను. వాళ్ళు బెల్లు కొట్టే రోజు వస్తుంది, తొందరపెట్టకు. వచ్చిన రోజు నువ్వు చేసే మొదటి పని ఏంటో అందరూ చూస్తారు. నీ కాళ్ళు పరిగెడతాయి, నోరు దానంతటది తెరుచుకుంటుంది. దాన్ని ముందే తయారు చేసి పెట్టుకో. నేను అద్దం ముందు నించుని సాధన చేయాల్సింది, చేయలేదు.

మీ నాన్న నీ ఉత్తరాలు నాకంటే ముందు చదువుతున్నాడు. కవరు అంటించిన చోట వాడి టీ వేళ్ళు కనిపించాయి. "మా ఇంటి సంగతి సార్" అన్నదాన్ని వీధిలో నలుగురికి చెప్పి వచ్చాడు.

బొటనవేలికి కట్టు కట్టుకున్నావా?

అత్తయ్య


ఆగస్టు 13

అత్తయ్యా,

నిన్న పదకొండున్నరకి మోగింది.

నేను హాలు అటు చివర కాగితాలు చూసుకుంటున్నాను. ఏడాదికి పైగా మోగని బెల్లు కదా, మొదట అగ్గి అంటుకుందేమో అనుకున్నాను. లైను టకటకమంటూ ఆగిపోయింది. పన్నెండు తలలూ ఒక్కసారి నా వైపు తిరిగాయి. డేగకళ్ళ అక్క చెయ్యి ఇంకా బెల్లు మీదే ఉంది. ఆవిడ డబ్బాలో మూడు సీసాలు.

పరిగెత్తాను. నీ మాట వినకుండా ఉండి ఉంటే ఏం అడిగేదాన్నో నాకు తెలియదు, నిజంగా తెలియదు. వారం రోజులు స్నానాల గదిలో సాధన చేసిన మాటే అడిగాను. "అక్కా, ఏం కనిపించింది?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది, ఇంకో ప్రశ్న వస్తుందేమో అని ఎదురుచూసినట్టు. రాలేదు. అప్పుడు సీసా దీపం ముందుకి ఎత్తి, మెడ పట్టుకుని తిప్పి చూపించింది. "మూడింటిలోనూ ఒకే రకం ముక్కమ్మా. వంపు తిరిగి ఉంది. ఇది అడుగుది కాదు, మెడ లోపలిది. కడిగేచోట ఏదో తగులుతోంది." చూసింది చూసినట్టు, పదమూడేళ్ళుగా లోపల దాచుకున్నదంతా చెప్పినట్టు చెప్పింది.

నిజమే. కడిగే మిషనులో సీసాలోకి నీళ్ళు చిమ్మే సూదుల్లో ఒకటి కొంచెం వంగి ఉంది. ప్రతి పదహారో సీసా మెడకి లోపల తగులుతోంది, అప్పుడప్పుడు ముక్క లేపుతోంది. ఎన్నాళ్ళుగానో ఎవరికీ తెలియదు. మెకానిక్కు ఆ సూది తీసి నా చేతిలో పెట్టాడు. అది నా సొరుగులో ఉంది.

ఈలోగా మేనేజరు గారు వచ్చారు. రావడం రావడమే, "ఎంతసేపైంది ఆగి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు అక్క అంది. మెల్లగానే అంది, కానీ హాలంతా వినిపించింది. "ఏం కనిపించిందో అడగండి సార్." ఆయన బిత్తరపోయి చూశారు. తర్వాత, ఆయన కూడా మనిషే కదా, అడిగారు. అక్క మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. నిన్నటి పెట్టెలన్నీ ఆపేశాం, ముందు వారానివి కూడా వెనక్కి రప్పిస్తున్నాం.

నా ఉద్యోగం ఖాయం చేయలేదు. ప్రొబేషను ఇంకో మూడు నెలలు పొడిగించారు. పొడిగించనీ. ఆ మూడు నెలల్లో ఆ బెల్లు ఎన్నిసార్లు మోగితే అన్నిసార్లు నేను పరిగెత్తుకెళ్ళి అదే మాట అడుగుతాను. తర్వాత తీసేస్తే తీసేస్తారు. అడగడం అలవాటైన నోళ్ళు పన్నెండు ఇక్కడే ఉంటాయి.

సాయంత్రం టీ నా చేత్తోనే ఇచ్చాను. అక్క సుద్దముక్క అడిగి తీసుకుని, నీ పేరు కింద, నా పేరు కింద, తన పేరు తనే రాసుకుంది. రెండో గడి పట్టక గీకేసిన మూడో గడిలోకి కూడా రాసేసింది. నువ్వు మెచ్చుకునే దస్తూరీ కాదు, అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి అడిగింది. "మీ అత్తయ్యకి ఇప్పుడు బొత్తిగా వినిపించదటగా?"

అవునన్నాను.

"అయితే నువ్వే రాయి. బెల్లు గట్టిగా మోగిందని రాయి."

రాస్తున్నాను అత్తయ్యా. చాలా గట్టిగా మోగింది.

నీ పిడుగు